పరంధామయ్య పడుగు

పంకజాక్షి, ఆమె మొగుడు ధనంజయ బాప్తిస్మం తీసుకొన్న వారానికే నగరి నేతవీధిలో కట్టుబాటు పడింది. "వాళ్ల పడుగుకు ఎవురూ చెయ్యి వేసేది లేదు" అని వీధి పెద్ద పరంధామయ్య తేల్చి చెప్పేసినాడు.

పడుగంటే చీర పొడుగునా సాగే నూలు. తెల్లారుజామునే దాన్ని వీధి పొడుగునా లాగి కట్టి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాల. ఆరేడుమంది లేనిదే జరిగే పని కాదు. అందుకే ఒకరి పడుగుకు ఇంకొకరు పోవడం ఆ వీధి వాడుక. ఏడాదిగా ఆ మొగుడూపెండ్లాలిద్దరే చిన్న చిన్న పడుగులు వేసుకొని, ఎండెక్కిందాకా దువ్వుకుంటా ఉండినారు. భుజాలు పడిపోయేవి. చూసినోళ్లు చూసి తలుపులేసుకొనేవాళ్లు.

"పగబట్టినోళ్ల కోసం ప్రార్థన చెయ్యమ్మా" అనినాడు పాస్టరు ప్రేమానందం.

"దినామూ ఆ పరంధామయ్య మామ పేరు చెప్పే చేస్తాండా అయ్యగారూ. కోపం మాత్రం పోలేదు" అనింది పంకజాక్షి.

ఆ ఏడు, డెబ్బై తొమ్మిదిలో, ఆడికృత్తిక పండక్కి వీధంతా మొక్కు కావళ్లెత్తుకొని తిరుత్తణి గుడికి పోయింది. పెళ్లిళ్ల చీరలకు గడువు దగ్గరపడిందని పరంధామయ్య కొడుకులు మాత్రం చీకటితోనే పడుగు లాగి, గంజి పెట్టి, దువ్వేసి, ఆనక బస్సెక్కినారు. అది ఆరేదాకా కాపలాకి మోకాళ్ల నొప్పుల పరంధామయ్య, ఆయన పెండ్లాం నాగరత్నమ్మ మిగిలినారు.

ఉన్నట్టుండి కొండ మీద మబ్బు కమ్ముకొనింది. నాగరత్నమ్మ కేకలు విని పంకజాక్షి మగ్గం గుంటలోంచి లేచింది.

"పోవద్దు. దేవుడే వాళ్లకి బుద్ధి చెప్తాండాడు" అనినాడు ధనంజయ.

"వాన పంపినోడే నన్నూ పంపిస్తాండాడు. వస్తే రా, లేకుంటే లేదు" అని ఆమె కొంగు బిగించి పరిగెత్తింది.

చినుకులు మొదలైనాయి. ముసలోళ్లిద్దరూ ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి ఏమీ తోచక అల్లాడతా ఉండారు. పంకజాక్షి వంగి కట్టు విప్పబోతే పరంధామయ్య చేతికర్ర ఎత్తినాడు.

"తాకొద్దే! నా పడుగు నాశనమైనా సరే, నీ చెయ్యి పడగూడదు!"

"నీ కట్టుబాటేంది మామా? మా పడుగుకి మీరు రాగూడదని గదా. మీ పడుగుకి నేను రాగూడదని యాడుండాది?"

ఆయన కర్ర మాత్రం దించలేదు.

"కొడితే కొట్టు. కొట్టేది అయినాంక ఆ కొస పట్టుకో. నాకుండేది రెండు చేతులే."

పరంధామయ్య మబ్బు వైపు చూసినాడు, ఆమె వైపు చూసినాడు. కర్ర పారేసి కొస పట్టుకొన్నాడు. ఈలోగా ధనంజయ కూడా వచ్చేసినాడు. బిగువు సడలకుండా నలుగురూ చుట్టి ఇంట్లోకి చేర్చేసరికి వాన దబదబా దంచింది. మూరెడు తడిసింది, అంతే.

పరంధామయ్య తల ఎత్తలేదు. ఆ వంగిన తలను చూసి పంకజాక్షికి ఒళ్లంతా సంతోషం పొంగింది. అది మంచి సంతోషం కాదని ఆమెకే తెలుసు. 'ప్రభువా, ఇది నీకోసం చేసినానో, ఈయప్పని ఓడించాలని చేసినానో నువ్వే చూసుకో' అనుకొని వానలోనే ఇంటికి పోయింది.

సాయంత్రం నాగరత్నమ్మ కొత్త చీర తెచ్చింది. "మీ మామ ఇచ్చి రమ్మనినాడు."

"ఎత్తుకొనిపో అత్తా. తీసుకొంటే అది కూలి అయిపోతుంది. కట్టుబాటు తీసినా తీయకపోయినా, మళ్లా వానొస్తే మళ్లా వస్తానని చెప్పు. నన్ను ఆపడం మామ చేత కాదు."

కట్టుబాటు తీయలేదు. ఆ గురువారం మొగుడూపెండ్లాలు వాళ్ల పడుగు లాగతా ఉంటే, నాగరత్నమ్మ కుంచె పట్టుకొని నడివీధిలోకి వచ్చి నిలబడింది.

"ఏమే, ఇంట్లోకి రా!" అని పరంధామయ్య గడపలోంచి అరిచినాడు.

ఆమె తిరిగి చూడలేదు. నూలు మీద వేలు పెట్టి చూసి, "ఏమ్మే పంకజాక్షీ, గంజి ఇంత పల్చగా కాసినావు? నీకెవురు నేర్పించినారు?" అని కసురుకొంటా దువ్వడం మొదలుపెట్టింది.