చిన్న గొంతు మూగబోయిన ఆదివారం

నేను ఒక వాల్వు ప్రీయాంపుని. ఈ మాట వినగానే మొహం చిట్లించకండి, నేనేమీ బ్రహ్మపదార్థాన్ని కాదు. పాట పుట్టే పెట్టెకీ దాన్ని గట్టిగా మోగించే యాంప్లిఫయరుకీ మధ్య కూర్చుని, వచ్చిన ధ్వనిని కాస్త లేవనెత్తి ముందుకు పంపడం నా పని. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటి ఉద్యోగం. నా నెత్తిన నాలుగు గాజు గొట్టాలు ఉంటాయి. కరెంటు తగలగానే నారింజ రంగులో వెలుగుతాయి. ఆ వెలుగే నా కొంప ముంచింది. దీపం కంటికి కనబడితే చాలు, ఈ మనుషులకి చెవిలో పడేది కూడా వెచ్చగా ఉన్నట్టే తోస్తుంది.

పుణెలో ఒక రేకుల షెడ్డులో నన్ను చేత్తో కూర్చారు. ప్రతి తీగకీ టంకం పెట్టి, పాట వినిపించి, నచ్చక విప్పి, మళ్ళీ పెట్టారు. అంత శ్రద్ధగా పుట్టినదాన్ని కదా, నా బతుకు సంగీతంలోనే గడిచిపోతుందనుకున్నాను. తీరా నన్ను కొన్నది హైదరాబాదులో ఒక నగల వ్యాపారి. ఆయన నన్ను హాలులో గాజు బీరువాలో పెట్టి, చుట్టాలొచ్చినప్పుడు దీపాలు వెలిగించి చూపించేవాడు. పాట మాత్రం పెట్టేవాడు కాదు. పాట పెడితే మాటలు వినపడవట. కొత్త సోఫాలకి నా రంగు నప్పలేదని చివరికి అమ్మేశాడు. అప్పుడు నాకు బాధ కలగలేదు, సిగ్గేసింది. అంతకంటే పెద్ద సిగ్గు ముందుందని అప్పటికి తెలియదు.

అలా విజయవాడ సత్యనారాయణపురంలో చిదంబరరావుగారి ఇంటికి చేరాను. ఆయన థర్మల్ కేంద్రంలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. భార్య కనకవల్లిగారు రేడియోలో వయొలిన్ విద్వాంసురాలిగా పనిచేశారు. ఇన్ని స్పీకర్లు, ఇన్ని యాంప్లిఫయర్లు, అరచేతి మందం తీగలు ఎందుకు పోగేశారయ్యా అంటే, ఆవిడ పాత కచేరీ రికార్డింగులు ఎదురుగా కూర్చుని విన్నట్టు వినడానికి. నిజానికి ఆవిడ రోజూ పొద్దున ఆ ఇంట్లోనే కూర్చుని సాధన చేస్తారు. ఆ ముక్క ఆయనకి ఎవరూ గుర్తు చేయలేదు.

ఆదివారాలు ఇద్దరు మిత్రులు వచ్చేవారు. ఒకరు పళ్ళ డాక్టరు ప్రభుదాసుగారు, ఇంకొకరు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల వ్యాపారం చేసే రంగప్రసాద్. ఒక పెట్టె పీకి ఇంకో పెట్టె తగిలించి, ఒకే పాటని మార్చి మార్చి విని, ఏది మేలో తేల్చడం వాళ్ళ వ్రతం. అందులో ఒక నియమం ఉంది. చిదంబరరావుగారు తీర్పు చెప్పేదాకా ఎవరూ నోరు మెదపరు. ఆయన చెప్పాక తక్కిన ఇద్దరూ తానంటే తందాన. చాలా ఏళ్ళు ఆ తీర్పులు నిజంగానే సరైనవి. ఎక్కడో సన్నగా ఒక తీగ వదులైతే కూడా పట్టేసేవారు.

తరవాత ఆయన చెవి తగ్గింది. ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే, ఎందుకంటే ధ్వని పెంచే నా మీట తిప్పేవి ఆయన వేళ్ళు. నెలనెలకీ కొంచెం కొంచెం పైకి తిప్పుతున్నారు. వంటింట్లో కుక్కరు కూత పెట్టినా ఆయనకి పట్టేది కాదు. ‘తంబురా సరిగ్గా రావట్లేదు’ అని నా వాల్వులు మార్చారు. మళ్ళీ మార్చారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెవి పోతుంటే గాజు గొట్టాల మీద పడ్డారు. నాకు కోపం రాలేదు. ఆయన భయం తెలుసు కాబట్టి జాలేసింది. పోతున్నది మామూలు వినికిడి అయితే ఒప్పుకునేవారే. పోతున్నది వల్లిగారి వయొలిన్. అది ఆవిడకి తెలియకూడదని ఆయన తాపత్రయం.

ఇలా ఉండగా ఒక ఆదివారం రంగప్రసాద్ కొత్త సరంజామా తెచ్చాడు. వాల్వులు లేని ట్రాన్సిస్టర్ ప్రీయాంపు, దాని యాంప్లిఫయరు. దీపం లేదు, షోకు లేదు, నల్లటి ఇనప్పెట్టె. పోటీ దానికీ నాకూ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంటి స్పీకర్లలో ఒక్కోదానికి రెండు గొంతులుంటాయి. కింద పెద్ద గొంతు, పైన హెచ్చు స్వరాలు పలికే చిన్న గొంతు. వెనకాల తీగలు తగిలించే బిగింపులు దేనివి దానివే. రెంటినీ కలుపుతూ చిన్న ఇత్తడి రేకులుంటాయి. ఒకటే జత తీగలు తగిలిస్తే ఆ రేకుల మీదుగానే ధ్వని పై గొంతుకి చేరాలి. కొత్త యాంప్లిఫయరు తీగలు రెండు గొంతులకీ విడివిడిగా వచ్చాయి కాబట్టి చిదంబరరావుగారు ఆ రేకులు తీసి కిటికీలో పెట్టారు. అందులో వల్లిగారి పాత ఖరహరప్రియ విన్నారు. నేను ఒప్పుకోవాలి, ఆ నల్లపెట్టె బాగా పలికింది. తరవాత నా వంతు. పాత యాంప్లిఫయరుకి ఒకటే జత తీగలు. వాటిని కింది బిగింపులకి తగిలించారు. రేకులు మాత్రం కిటికీలోనే ఉండిపోయాయి.

పాట మొదలైంది. చిన్న గొంతులు రెండూ మూగవి. వయొలిన్ మీద దుప్పటి కప్పినట్టుంది. తంబురా లేదు, కమాను రాపిడి లేదు. ప్రభుదాసుగారు చెవిలో వేలు పెట్టి కదుపుకున్నారు. రంగప్రసాద్ స్పీకరు వంక చూసి, రావుగారి వంక చూసి, ఊరుకున్నాడు. చిదంబరరావుగారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

“ఇదండీ ధ్వనంటే. వెన్నలా ఉంది. ఇందాకటి దాంట్లో ఏదో గరుకు. దీంట్లో గరుకన్నదే లేదు” అన్నారు.

“అవునండీ, నునుపుగా ఉంది” అన్నారు ప్రభుదాసుగారు.

“మీ చెవి ముందు మా చెవులెంతండీ రావుగారూ. ఇది వెనక్కి పంపించేసి నేనూ వాల్వుదే తెప్పించుకుంటా” అన్నాడు రంగప్రసాద్.

నాకు తల కొట్టేసినట్టయింది. నోరు నొక్కేసినందుకు మెప్పు. పక్కన ఆ నల్లపెట్టె ఏ తప్పూ చేయకుండా ఓడిపోయి కూర్చుంది. దాని వైపు చూడలేకపోయాను.

వల్లిగారు కాఫీలు పట్టుకొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. అది ఆవిడ వాయించిన రాగం. ఆవిడకి తెలియకుండా ఉంటుందా.

“నువ్వే చెప్పు వల్లీ, ఎలా ఉంది?” అన్నారు ఆయన.

ఆవిడ ఆయన మొహంలోకి చూశారు. ఆ మొహంలో అనుమానమన్నది లేదు, మెచ్చుకోలే ఉంది.

“బావుందండీ” అన్నారు. కాఫీలిచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

మిత్రులిద్దరూ వెళ్ళాక ఆవిడ వచ్చి, కిటికీలోని రేకులు తీసుకుని, స్పీకరు వెనక వంగి బిగించడం మొదలుపెట్టారు. గేటు దాకా సాగనంపి వచ్చిన ఆయన చూశారు.

“ఏం చేస్తున్నావ్?”

“రేకులు పెట్టడం మర్చిపోయారండి.”

ఆయన కిటికీ వంక చూశారు. స్పీకరు వంక చూశారు. కుర్చీలో కూలబడ్డారు.

“అయితే ఇందాక విన్నదంతా...”

“ఊఁ.”

“బావుందన్నావుగా.”

“నలుగురిలో ఏమనమంటారు?”

ఆవిడ రెండో స్పీకరు రేకులు కూడా బిగించారు. నా దీపాలు ఎవరూ ఆర్పలేదు. పనీపాటా లేకుండా వెలుగుతూ అక్కడ కూర్చోవడం నాకు మహా ఇబ్బందిగా ఉంది. ఆ నిమిషాన కరెంటు పోతే బాగుండుననుకున్నాను.

“తంబురా వినపడ్డం మానేసి చాలా కాలమైంది” అన్నారు ఆయన, నేల చూస్తూ. “పొద్దున నువ్వు వాయిస్తుంటే కమాను కనిపిస్తోంది. పై స్థాయికెళ్ళావంటే సగం వినపడదు. ఇదివరకు ఎలా ఉండేదో తెలుసుగా, గుర్తున్నదాన్ని బట్టి తలూపుతున్నాను.”

ఆవిడ ఆ మాటకి కదిలిపోయారు. చెవి సంగతి ఆవిడకి కుక్కరు కూతలప్పుడే తెలిసి ఉంటుంది. తలూపు సంగతి తెలియదు.

ఆయన ఫోను తీసి రంగప్రసాద్‌కి కలిపారు. “ప్రసాద్‌గారూ, మీ పెట్టె వెనక్కి పంపకండి. అదే మంచిది. నాకు... నాకు చెవులు సరిగ్గా వినపడట్లేదండీ. ఆ, అవును. చాన్నాళ్ళయింది.” అవతల ఏమన్నాడో వినలేక, ఫోను భార్య చేతిలో పెట్టేశారు. ఇన్నేళ్ళ తీర్పరి మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను మెచ్చుకోబట్టే ఆయనకి ఆ గతి పట్టిందనిపించి కుంచించుకుపోయాను.

ఆవిడ మాట్లాడి ఫోను పెట్టేశారు. లోపలికెళ్ళి వయొలిన్ తెచ్చుకుని, ఆయన కుర్చీ ముందు చాప వేసుకుని, కాళ్ళ దగ్గరగా కూర్చున్నారు. బిరడాలు తిప్పి తీగలన్నీ బాగా కిందికి దించారు. అంత తక్కువ శ్రుతిలో ఆవిడ వాయించగా నేను వినలేదు. అదే ఖరహరప్రియ, మంద్రంలో ఎత్తుకున్నారు. తీగలు వదులై నాదం కొంచెం బొంగురుగా ఉంది. నేను పంపిన ధ్వని కాదది, ఈ స్పీకరు తీగల్లోంచి, ఈ పెట్టెల్లోంచి వచ్చింది కాదు. ఆయన తల నెమ్మదిగా ఊగడం మొదలుపెట్టింది.

కాసేపటికి అలవాటు కొద్దీ ఆవిడ వేళ్ళు పైకి జారి తారస్థాయికి వెళ్ళాయి.

ఆయన తల ఆగిపోయింది. ఈసారి వినపడినట్టు ఊపలేదు, దాచుకోలేదు, ఊరికే ఆవిడ వంక చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ అది చూసి, రాగం మధ్యలోనే కిందికి దిగి వచ్చారు.