పదకొండు గంటలు నీటిపైనే

మొండిది అనే తాబేలు పదకొండు గంటలుగా నీటిపైనే ఉందని కంప్యూటర్ చెబుతోంది. తాబేలక్క టీ పక్కన పెట్టేసింది.

సముద్రపు తాబేళ్ళ ఊపిరి, నెత్తురు, రాకపోకలు కొలవడం ఆమె ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా అదే పని కాబట్టి రేవులో అందరికీ ఆమె తాబేలక్కే. తాబేలు పైకొచ్చేది రెండు గుక్కల గాలి కోసం. పీల్చుకుంటుంది, మళ్ళీ మునుగుతుంది. పదకొండు గంటలు పైన తేలుతూ కూర్చోవడానికి దానికేం పనీపాటా లేదా? జబ్బు చేసి ఉంటుందనుకుని ఆమె మనసు మనసులో లేదు.

మరి అది అల్లాటప్పా తాబేలు కాదు. రెండేళ్ళ కిందట గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కినప్పుడు, దాని వీపు మీద, ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా చెప్పే సబ్బుపెట్టెంత యంత్రం అతికించారు. అది ఊరుకుందా? ముగ్గురి కళ్ళల్లో ఇసుక చిమ్మింది. మొండిది అన్న పేరు అప్పుడే పడింది. ఎక్కడెక్కడో మేసి, ఇప్పుడు కడుపునిండా గుడ్లతో అదే ఒడ్డుకి తిరిగొస్తోంది. ఇంకో నాలుగు రోజుల ప్రయాణం. పోయిన దారీ వచ్చిన దారీ పూర్తిగా దొరికిన తాబేలు ఆమె పనిచేసే పరిశోధన కేంద్రంలో ఒక్కటీ లేదు. ఇదే మొదటిది కావాలి.

ఆ రోజు యంత్రాన్ని అదిమి పట్టుకున్నది ఆమె తమ్ముడు. జిగురు ఆరకముందే అతని బొటనవేలు అందులో దిగబడింది. "ముద్ర పడిందక్కా! ఇక ఇది నీకెంతో నాకూ అంతే" అని పళ్ళికిలించాడు. అతనికి సొంత చేపల పడవ ఉంది. వలలో చిక్కిన తాబేలు బయటపడేందుకు ప్రతి వలకీ ఒక తలుపుండాలని నియమం. చేపలు జారిపోతాయని కొందరు ఆ తలుపు కుట్టేస్తారు. కిందటేడు రేవు అధికారులు తమ్ముడినీ అనుమానించి పడవ ఆపేస్తే, అక్క వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది. "మా వాడి వలకి నాది పూచీ" అని సంతకం పెట్టింది.

మ్యాపు మీద తాబేలు ఎక్కడుందో చూపే చుక్కలు కాస్త ఆలస్యంగా వస్తాయి. మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. చుక్కలు సముద్రంలోంచి తిన్నగా రేవుకొచ్చాయి. రేవు దాటి రోడ్డెక్కాయి. రెండు మలుపులు తిరిగి, ఆమెకి బాగా తెలిసిన సందులో ఒక ఇంటి మీద ఆగిపోయాయి.

ఆమె వెళ్ళేసరికి మేడమీద కిటికీ గట్టున, పాత పేపరు మీద, యంత్రం ఎండలో ఆరుతోంది. పక్కనే జిగురు గీకే చాకు. అక్కని గుమ్మంలో చూడగానే తమ్ముడి మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"ఒడ్డున దొరికిందక్కా. ఊడి కొట్టుకొచ్చినట్టుంది. నీకే తెద్దామని తుడుస్తున్నా."

"తెల్లవారుజాము నుంచి ఇది నీ పడవలో ఎందుకుందిరా?"

"అది... సముద్రంలో ఉంటేనే కదా మాట్లాడేది?"

"ఉప్పునీళ్ళు తగిలితే నోరు మూసుకుంటుందిరా! ఆరితేనే మాట్లాడుతుంది. బొమ్మ గీసి మరీ చెప్పాను నీకు. వల తలుపేం చేశావు?"

"కుట్టేశా."

"ఎప్పుడు?"

తమ్ముడు కిటికీ వైపు చూశాడు. "నువ్వు సంతకం పెట్టిన మర్నాడు. నీ సంతకం ఉన్న వల ఇంకెవరూ చూడరని..."

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో తాబేలక్కకి ఆ క్షణాన తెలిసింది.

"చంపాలని కాదక్కా, ఒట్టు! తాబేలు గంటల తరబడి ఊపిరి బిగబడుతుందని నువ్వే కదా చెప్పావు? గంటకోసారి వల ఎత్తుతూనే ఉన్నా."

"నిద్రపోయే తాబేలురా అది! వలలో పడి కొట్టుకుంటే ఉన్న గాలంతా నిమిషాల్లో ఖర్చయిపోతుంది. అదీ చెప్పాను. నీకు కావలసిన ముక్క ఒక్కటే వినపడిందన్నమాట! అదెక్కడుంది?"

"నీళ్ళలోకి తోసేశాం."

"దాని కడుపులో గుడ్లున్నాయిరా."

తమ్ముడు దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు: "యంత్రం ఊడిపోయిందని రాసెయ్యక్కా. ఆ చివరి చుక్కలు తీసెయ్. నీ మాట ఎవరు కాదంటారు?"

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఇందాకటి సంతకం మాట కంటే ఈ మాటే ఎక్కువ కాల్చింది. యంత్రం తీసుకుని మెట్లు దిగింది. సగం గీకిన జిగురులో వాడి బొటనవేలి ముద్ర అలాగే ఉంది.

కేంద్రానికి వచ్చి ఫారం తీసింది. తాబేలు దారి చివర ఎక్కడ అన్న చోట, తమ్ముడి ఇంటి చిరునామా రాసింది. కారణం: తలుపు కుట్టేసిన వల. పడవ ఎవరిదో రాయాల్సిన చోట చెయ్యి ఆగింది. పక్కింటివాళ్ళతో దెబ్బలాటల్లో, బడి గొడవల్లో, పెళ్ళిచూపుల్లో వాడిని వెనకేసుకొచ్చిన చెయ్యి అది.

వాడి పేరు రాసింది. కింద ఖాళీ జాగాలో, ఎవరూ అడగకపోయినా, ఇంకో వాక్యం చేర్చింది: ఈ వలకి పూచీ పడింది నేనే. దాని కింద సంతకం పెట్టింది, కిందటేడు పెట్టిన సంతకమే.