సగం చలి

మొదటి దెబ్బకే బెస్నిక్ నోట్లోంచి రక్తం చిమ్మి పీచ్ పళ్ళ ట్రే మీద పడింది. రెండో దెబ్బకు అతను, తాను చూసుకునే కోల్డ్ స్టోరేజీ తలుపుకు కొట్టుకుని కూలబడ్డాడు. కొట్టింది యజమాని స్తెర్గియోస్. పళ్ళపెట్టె నుంచి ఊడబెరికిన చెక్క అతని చేతిలో ఉంది.

“తలుపు తెరిచి నిద్రపోతావురా, అల్బేనియా కుక్కా! ఊరందరి పంటా నాశనం చేశావు గదరా!”

జర్మనీ వెళ్ళిన లారీ, అక్కడ సరుకు వద్దనడంతో, పళ్ళతోనే ఆ ఉదయం తిరిగొచ్చింది. పళ్ళు పైకి ఎర్రగా నిగనిగలాడుతూనే ఉన్నాయి. కోస్తే టెంక చుట్టూ కమిలిన రంగు, నమిలితే తడి దూది. సంగతి తెలిసి నౌసా ఊరి చుట్టుపక్కల రైతులు గేటు తోసుకుని వచ్చారు. స్తెర్గియోస్ వాళ్ళకు బెస్నిక్‌ను వేలెత్తి చూపించాడు. అంతే, మీదపడ్డారు. అందరికంటే ముందు లాజరోస్ అనే రైతు బూటుకాలితో డొక్కలో తన్నాడు.

కదిలే బెల్టు దగ్గర పళ్ళు ఏరే అర్గిరో లాజరోస్‌కు అక్క. తలుపు సంగతి అబద్ధమని ఆమెకు తెలుసు. పళ్ళు లోపల పెట్టిననాడే యజమాని ఆమె ఎదుటే బెస్నిక్‌తో అన్నాడు: “పూర్తి చలి పెడితే కరెంటు తాగేస్తదిరా. సగానికి తగ్గించు.”

“మంచులాంటి చలిలో అయితే పండు నిలుస్తదయ్యా. ఈ సగం చలిలోనే లోపల్లోపల చస్తది” అని బెస్నిక్ బతిమాలాడు.

“చెప్పింది చెయ్యి. లేదంటే సరిహద్దు దాటిస్తా.”

ఆ రోజు అర్గిరో తల వంచుకుని పళ్ళు ఏరుకుంది. పని పోతుందని భయం.

ఇప్పుడు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. బెస్నిక్ చెయ్యి వంకరగా వేలాడింది.

అర్గిరో పరుగున వెళ్ళి తమ్ముడి చొక్కా పట్టి లాగింది. “ఆపరా! చలి తగ్గించమంది ఆ పెద్దమనిషి! నా చెవులారా విన్నా!”

లాజరోస్ ఆమె చెంప పగలగొట్టాడు. “వాణ్ణి వెనకేసుకొస్తావా? నా తోటంతా పోయిందక్కా!”

“నీ తోట తిన్నది వాడు కాదురా. ఇంకోటి కొట్టు, అప్పుడూ ఇదే చెప్తా.”

లాజరోస్ మళ్ళీ ఎత్తిన చెయ్యి దించలేదు, కొట్టనూ లేదు. రైతులు మెల్లగా యజమాని వైపు తిరిగారు.

స్తెర్గియోస్ నవ్వబోయాడు. “ఆడదాని మాట పట్టుకుంటారేందయ్యా! ఆడోళ్ళంతా పొండి బెల్టు దగ్గరికి. మిగిలినయ్యి సాయంత్రానికి సంతకు పోవాల!” అంటూ మీట నొక్కాడు.

బెల్టు కదిలింది. పళ్ళు వరసగా వచ్చి, ఏరేవాళ్ళు లేక, చివర్న నేలమీద పడి పగులుతున్నాయి. అర్గిరో బెస్నిక్ తలను ఒళ్ళోకి తీసుకుంది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతి తొడుగులు విప్పుతున్నారు.