పిలవని అంకె

ఆదివారం మూడింటికి దీవిలోని రంగత్ ఊళ్ళో దుకాణాల షట్టర్లు సగం దిగుతాయి, తులసమ్మ వరండాలో ఆడవాళ్ళ గొంతులు పూర్తిగా లేస్తాయి. తంబోలా వేళ అది.

ఆటకు ముందు గురునాథం మాస్టారు దాని చరిత్ర చెబుతారు. ఎవరూ అడగరు. ఇటలీలో లాటరీగా పుట్టిందట. తెల్ల సిపాయిలు హౌసీ అని ఆడుకుంటూ ఇటు తెచ్చారట. తర్వాత క్లబ్బులకు పాకి, ఓడలెక్కిందట. మిగతాది తులసమ్మ అందుకుంటుంది: విశాఖపట్నం ఓడలో వాంతులు మరిచిపోవడానికి నేర్చుకుని, రంగత్‌లో దించింది తనేనని. కర్రమిల్లులో పనిచేసిన భర్త ఆమెకు తొంభై పడాక్ కర్ర బిళ్ళలు కోసి అంకెలు చెక్కిచ్చాడు. గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీస్తుంది.

"డెబ్భై మూడు! మాస్టారి అసలు వయసు!"

మాస్టారు టికెట్‌లో ఆ అంకె ఉన్నా కొట్టుకోరు.

ఒక్క అంకెను మాత్రం తులసమ్మ పిలవదు. ఇరవై ఆరు, సునామీ తారీఖు. కార్ నికోబార్ దీవికి తాపీపనికి వెళ్ళిన ఆమె కొడుకు జోగులు ఆ రోజు సముద్రంలో పోయాడు. అప్పటి నుంచి ఆ బిళ్ళ ఎప్పుడు తీసినా ఉప్పునీళ్ళు కారుతూ వస్తుంది. తులసమ్మ దాన్ని పైకెత్తి చూపిస్తుంది, అందరూ నోరు మూసుకుని కొట్టుకుంటారు, పక్కింటి కాళమ్మ గచ్చు తుడుస్తుంది. ఇరవై ఏళ్ళుగా కాళమ్మ గొడవ నీళ్ళ గురించి కాదు, గుడ్డ ప్రతిసారీ తనదేనని.

జోగులు భార్య కావేరి ఆస్పత్రిలో నర్సు. ఈ నెల ప్రమోషన్ వచ్చింది, కార్ నికోబార్‌కే. బుధవారంలోగా చేరకపోతే పోతుంది.

"ఎల్లడానికి లేదు," అంది అత్త.

"ఎల్తాను," అంది కోడలు.

వారం రోజులు ఆ ఇంట్లో ఇవే మాటలు. చెప్పకుండా ఓడెక్కే రకం కాదు కావేరి. ఒప్పించి ఎక్కే రకం. అది ఇంకా కష్టం.

మొన్న ఆదివారం ఆట మధ్యలో తులసమ్మ చేతినుంచి నీళ్ళు కారాయి. బిళ్ళ పైకెత్తింది. కాళమ్మ గుడ్డ కోసం లేచింది.

"అంకె పిలు అత్తా," అంది కావేరి.

"కనబడతందిగా. కొట్టుకో."

"మిగతా ఎనభై తొమ్మిదీ పిలుస్తావు. దీనికే ఎందుకు బెదరాల?"

"దీదీ, ఛోడో," అని కాళమ్మ కోడలు శ్రావణి ఆమె చెంగు పట్టుకు లాగింది.

"వదల్ను. నా మొగుణ్ణి తీసుకుంది, చాలు. నా నోరు, నా ఉద్యోగం కూడా దానికియ్యను." కావేరి లేచి నిలబడి, వీధి చివరి బస్టాండు దాకా వినబడేలా పిలిచింది: "దో ఔర్ ఛే, ఇరవై ఆరు!"

ఎవరూ టికెట్ ముట్టలేదు. నీళ్ళు ఆగిపోయాయి. తులసమ్మ బిళ్ళను చీరకొంగుకు రాసి చూసుకుంది. కొంగుకు తడి అంటలేదు. చెంపకు ఆనించుకుంది.

తర్వాత తీసిన బిళ్ళలన్నీ పోగుచేసి సంచిలో పోసింది, మూతి బిగించి కట్టింది, కావేరి ఒళ్ళో పెట్టింది.

"ఓడకి రేపటి బస్సు పొద్దున్నేనా?"

"నాలుగింటికి."

"అక్కడ ఆడోళ్ళకి ఆదివారాలు ఉంటాయి కదా. నేర్పు. అన్నీ పిలు, ఒక్కటీ మింగకు."

"మరి మాకో?" అంది కాళమ్మ.

"మీకు మాస్టారున్నారు," అంది తులసమ్మ. "చరిత్ర వినండి."