రెండు పొడుగు పుల్లలు

పూర్ణచంద్రరావు గారికి తెలిసిన కెమిస్ట్రీ మొత్తం అగ్గిపెట్టెలో పట్టేస్తుందని హెలెన్ అభిప్రాయం. తెనాలిలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఆయనే హెడ్డు. అదే నోట్సు, అదే జోకు. ఆయనంటే హెలెన్‌కు పరమ అసహ్యం. అయినా రేపల్లె ప్యాసింజరు దిగి రాగానే రోజూ నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెబుతుంది. గెస్ట్ లెక్చరర్‌గా తనను జూన్‌లో మళ్లీ తీసుకోవాలంటే ఆయన సంతకం పడాలి మరి.

ఆ రోజు తనిఖీకి బాపట్ల నుంచి కెమిస్ట్రీ ప్రొఫెసర్ శివరామయ్య గారు వస్తున్నారు. ఫైనలియర్ కీర్తన ఒక నమూనా చేసింది. మధ్యలో రాగి అని ఒక థర్మాకోల్ బంతి, చుట్టూ ఆరు చీపురు పుల్లలకు ఆరు నీటి అణువులు. నాలుగు పుల్లలు పొట్టివి, పైనా కిందా ఉన్న రెండూ పొడుగు. అది హెలెన్ నేర్పిందే. రాగిలో ఒక ఎలక్ట్రాన్‌కు సరిసమానమైన చోట్లు రెండు ఉంటాయి, ఎక్కడ కూర్చోవాలో తేలదు. ఎప్పుడూ కంపిస్తూ ఉండే అణువు ఆ కంపనంలోనే పైకీ కిందికీ సాగిపోతుంది. సౌష్ఠవం చెడుతుంది, ఎలక్ట్రాన్ పేచీ తీరుతుంది.

పూర్ణచంద్రరావు స్కేలు పెట్టి కొలిచాడు.

"ఏంటమ్మా ఈ హెచ్చుతగ్గులు? పుస్తకంలో ఆరూ సమానంగా లేవూ?"

పుస్తకంలో ఉన్నది నికెల్ బొమ్మ. ఆ మహానుభావుడికి బొమ్మ తప్ప కింద అక్షరాలు కనపడవు.

"రాగికి ఇలాగే ఉంటుందండి," అంటూ కీర్తన హెలెన్ వైపు చూసింది.

నిజం హెలెన్ నోటిదాకా వచ్చింది. కానీ బల్లమీద సంతకాల ఫైలు ఉంది.

"సార్ చెప్పినట్టు చెయ్యమ్మా. కత్తిరించెయ్."

మధ్యాహ్నం శివరామయ్య వంగి నమూనా చూశాడు. "రాగికి ఆరూ సమానమేంటి? ఎవరు చెప్పారు?"

"మా గెస్ట్ మేడం అండి," అన్నాడు పూర్ణచంద్రరావు తడుముకోకుండా.

ఛీ, ఏం మనిషి అనుకుంది హెలెన్.

కీర్తన మెల్లగా అంది. "మేడం పొడుగ్గానే నేర్పారండి. పొద్దున సార్ తప్పన్నారని మేడమే కత్తిరించమన్నారు."

శివరామయ్య పూర్ణచంద్రరావును పట్టించుకోలేదు. హెలెన్‌ను ఒక్కసారి పైనుంచి కిందికి చూసి పక్క బల్ల దగ్గరకు వెళ్లిపోయాడు. ఆ చూపు ఆమెకు కొత్తది కాదు. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పి వెనక్కి తిరిగాక పూర్ణచంద్రరావును తాను చూసే చూపే అది.