చప్పుడు చెయ్యని ఓక్ నేల

మా తోడికోడలు పై అంతస్తులో ఉంటుంది, నేను కింద ఉంటాను. మా ఇద్దరికీ మాటల్లేవు. కారణం పెద్దదేమీ కాదు. మా అత్తగారు పోయేముందు "చిన్నదే నన్ను బాగా చూసుకుంది" అన్నదని నేనంటాను, "పెద్దదే" అన్నదని ఆవిడంటుంది. ఆ సమయానికి గదిలో మేమిద్దరం తప్ప ఇంకెవరూ లేరు. తీర్పు చెప్పాల్సిన మనిషేమో పోయింది. అప్పట్నుంచీ ఆ వ్యాజ్యం అలాగే నడుస్తోంది.

మాటల్లేవు గానీ చప్పుళ్ళుండేవి. పైన టైల్స్ నేల. ఆవిడ ఇంట్లో కూడా గట్టి చెప్పులు వేసుకు తిరిగే మనిషి, డాక్టరు చెప్పాడట. లేవడం, నడవడం, గిన్నె జారవిడవడం, అన్నీ నా నెత్తిమీదే. కుర్చీని ఈడ్చకుండా ఎత్తి పెట్టవచ్చని ఆవిడకి పుట్టింట్లో ఎవరూ చెప్పినట్టు లేరు. నేను ఇల్లు తుడిచే కర్ర తిరగేసి సీలింగుని పొడిచేదాన్ని. జవాబుగా ఆవిడ కుర్చీ ఇంకోసారి ఈడ్చేది. మా ఆయన ముఖానికి పేపరు అడ్డం పెట్టుకునేవాడు. వదినకీ పెళ్ళానికీ మధ్య గోడమీద పిల్లిలా బతికిన మనిషి. ఆయనకి అక్కడ బాగానే ఉంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ చప్పుళ్ళని బట్టి పైన ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయేది. మోకాలు నొప్పిగా ఉన్నరోజు ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా పడేది. ఆరోజు మా ఆయన చేతికి నొప్పుల మందిచ్చి, "మీ అంతట మీరే కొన్నట్టు ఇవ్వండి" అని పైకి తరిమేదాన్ని. బావగారు పోయిన కొత్తల్లో ఆ చెప్పులు గదంతా తిరుగుతూనే ఉండేవి. అప్పుడు మాత్రం నేను కర్ర ముట్టుకోలేదు.

ఆవిడ కూతురు ఈ ఊళ్ళోనే బడిలో టీచరు. మొన్నామధ్య వచ్చి, "పిన్నీ, నీ గొడవ తీరిపోతోంది. టైల్స్ మీద చెప్పులున్నా అమ్మకి కాళ్ళు చల్లబడి పట్టేస్తున్నాయి. పైనంతా ఓక్ చెక్క వేయిస్తున్నా. ఇక చీమ నడిచినంత చప్పుడు కూడా ఉండదు" అంది.

"నాకేం గొడవమ్మా, నేనెవరినేమన్నాను?" అన్నాను. లోపల మాత్రం ఎగిరి గంతేసినంత పనైంది. ఇన్నేళ్ళకి గెలిచాను.

చెక్క పలకలు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే పైన హాల్లో పేర్చి, మేస్త్రీ మాయమయ్యాడు. అడిగితే చెక్క ముందు ఆ గది గాలికి అలవాటు పడాలన్నాడు. తొందరపడి బిగించేస్తే తర్వాత ఉబ్బుతుందట, లేదా ముడుచుకుని సందులు పడతాయట. ఈ ఇంటికి వచ్చిన కోడళ్ళకి ఈ సౌకర్యం లేదు. మమ్మల్ని వచ్చిన మర్నాడే బిగించేశారు.

పని మొదలయ్యాక బట్టలు ఆరేసే నెపం మీద నేను మెట్లెక్కి దిగుతూ ఉన్నాను. మేస్త్రీ ఆవిడ కూతురికి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. "ఓక్ అంటే రాయి లాంటిదండీ. అంత తేలిగ్గా గీతలు పడవు, సొట్టలు పడవు. కాలికి చల్లగా తగలదు. ఎప్పుడైనా పాతబడితే పైపైన చిత్రిక పట్టి మళ్ళీ పాలిష్ పెడితే కొత్తదే. ఏళ్ళు గడిచేకొద్దీ రంగు తేరుతుంది గానీ దిగదు. మీ మనవలు కూడా దీనిమీదే తిరుగుతారు. కింద ఈ రబ్బరు పరుపు వేస్తున్నా కదా, పైన ఏం జరిగినా కిందవాళ్ళకి తెలియను గాక తెలియదు." ఆ చివరి మాటకి తోడికోడలు మెట్లవైపు చూసింది. నేను తడి దుప్పటి వెనక్కి తప్పుకున్నాను.

మేస్త్రీ అన్నమాట నిలబెట్టుకున్నాడు. పని అయిపోయిన రోజునుంచీ మా సీలింగు చచ్చినట్టు పడుంది. మొదట్లో ఆ నిశ్శబ్దంలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను. తర్వాత ఏమీ తోచలేదు. టీవీ పెట్టుకుంటే పైన ఏమైనా వినపడకుండా పోతుందేమోనని కట్టేసేదాన్ని. కట్టేస్తే వినడానికి ఏమీ ఉండేది కాదు.

"మీ వదిన లేచిందంటారా?" అని మా ఆయన్ని అడిగాను.

"లేచే ఉంటుంది."

"మీకెలా తెలుసు?"

"లేవక ఏం చేస్తుంది?" అన్నాడు, పేపరు దించకుండానే. అన్న భార్య మీద మరిది ప్రేమ అంతే ఉంటుంది.

చివరికి బాత్రూం గొట్టం ఒకటి దొరికింది. పైన నీళ్ళు వాడితే మా గోడలోంచి గలగలా దిగుతాయి. పొద్దున్నే గోడకి చెవి ఆనించి నిలబడేదాన్ని. మా ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకుని చూసి వెళ్ళిపోయాడు. నీళ్ళు దిగాక కాఫీ పెట్టుకునేదాన్ని.

ఒకరోజు నీళ్ళు దిగలేదు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, క్లాసులో ఉంటుంది. ఆవిడకే చేద్దామంటే ఆ నంబరు నా దగ్గర ఉంచుకోలేదు, పంతం. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి హాల్లోకీ హాల్లోంచి బాత్రూంకీ తిరిగాను. వెళ్ళి తలుపు కొట్టవచ్చు. కానీ ఏమని? ఎలా ఉన్నావని అడిగే అలవాటు మాకు లేదు. మా మధ్య చెల్లుబాటయ్యేది ఫిర్యాదు ఒక్కటే. అందుకని చప్పుడు ఎక్కువగా ఉందని పోట్లాడటానికి బయల్దేరాను. మెట్లెక్కుతూ మాటలు సరిచూసుకున్నాను. "ఏమిటా చప్పుళ్ళు? ఇది ఇల్లా, ఫ్యాక్టరీయా?" బాగానే కుదిరింది.

బెల్లు కొట్టాను. ఎవరూ రాలేదు. తలుపుకి చెవి పెడితే లోపల ఎక్కడో పట్, పట్ మని చిన్నగా వినిపించింది. కిందికి పరిగెత్తి, అమ్మాయి మా దగ్గర ఉంచిన తాళంచెవి తెచ్చి తలుపు తీశాను.

ఆవిడ హాలు మధ్యలో పక్కకి ఒరిగి పడి ఉంది. కాలు చూడగానే విరిగిందని అర్థమైంది. చేతిలో చెప్పు ఉంది. దానితో నేలని కొడుతోంది. కొత్త నేల మీద ఒక్క గీత కూడా పడలేదు. ఫోన్ వంటింట్లో ఛార్జింగు పెట్టి ఉంది. గొంతు పూర్తిగా పోయింది.

నీళ్ళు పట్టించాను. అంబులెన్సుకి ఫోన్ చేశాను. కదిలించవద్దన్నారు. తలకింద దిండు పెట్టి పక్కన కూర్చున్నాను. చెయ్యి మంచులా ఉంటే రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దాను.

ఆవిడ కొంచెం తేరుకుని నావైపు చూసింది.

"ఇప్పటికి వినపడిందా?" అంది బొంగురుగా. "తెల్లారినప్పట్నుంచీ కొడుతున్నా."

ఔనంటే, ఇంతసేపూ విని ఊరుకున్న రాక్షసినవుతాను. కాదంటే, చప్పుడు లేకుండా ఎందుకొచ్చానో చెప్పుకోవాలి. అనుకుని వచ్చిన ఫ్యాక్టరీ మాట నోటిదాకా వచ్చింది. వెనక్కి మింగాను.

"లేదక్కా," అన్నాను. "ఏమీ వినపడలేదు. అందుకే వచ్చాను."

ఆవిడ చేతిలో చెప్పు వదిలేసింది.

"కాస్త ఇటు జరుగు," అంది. "దూరంగా కూర్చున్నావు."