ఈ ఏడు మనదే

“ఏప్రిల్ కుదరదంటే కుదరదు. ఆపరేషన్ నవంబరులో చేయించుకుంటాను,” అన్నారు మా అత్తగారు. పొద్దున లేచినప్పటినుంచీ అదే మాట.

“నవంబరు దాకా ఆ మోకాలు ఆగొద్దూ?” అన్నాడు మా ఆయన కునిహికో. “ఏప్రిల్లో ఖాళీ ఉందని ఆసుపత్రివాళ్ళే ఫోన్ చేశారు. అది పోతే మళ్ళీ చలికాలమే.”

“నేనూ చలికాలమే అంటున్నా కదరా. అక్టోబరుతో బేస్‌బాల్ ఆటలన్నీ అయిపోతాయి. కప్పు మన ఊరికి వచ్చాక తీరిగ్గా వెళ్ళి పడుకుంటాను.”

“కప్పా!” మా అమ్మాయి హొనోకా పేపరు ఎత్తి చూపించింది. “నాన్నమ్మా, పేపర్లో ఆట తెలిసిన పెద్దవాళ్ళంతా మనవాళ్ళని ఆరో స్థానంలో పెట్టారు. ఉన్నవే ఆరు జట్లు.”

అత్తగారు ఆ పేపరు లాక్కుని దానిమీద సూపు గిన్నె పెట్టుకున్నారు.

“వీళ్ళు పోయినేడు చెప్పింది ఒక్కటైనా జరిగిందా? మన ఎడమచేతి వాటంవాడి భుజం నయమైంది. కొత్తగా తెచ్చిన విదేశీవాడు వంకర బంతుల్ని కూడా వదలడం లేదు. శిక్షణ శిబిరంలో ఒక్కడికీ దెబ్బ తగల్లేదు. ఇంకేం కావాలి?”

“నీ మోకాలు కావాలి,” అన్నాడు మా ఆయన.

అత్తగారు హిరోషిమాలోనే పుట్టి పెరిగిన మనిషి. మార్చి నెల వచ్చిందంటే ఆవిడ లెక్కలో మా ఊరి బేస్‌బాల్ జట్టు గెలిచేసినట్టే. జూన్‌లో వాళ్ళని తిడతారు, ఆగస్టులో వాళ్ళ మాట ఎత్తనివ్వరు, మళ్ళీ మార్చికి అన్నీ మర్చిపోతారు. ఈసారి లాటరీలో ఏప్రిల్ ఆటలకు, అదీ అభిమానుల గ్యాలరీలోనే, టికెట్లు తగిలాయి. ఇక ఆవిడని ఆసుపత్రికి ఎవరు కదిలించగలరు?

ఆ ఆదివారం మా ఊళ్ళో సన్నాహక మ్యాచ్. నాకు బేస్‌బాల్ ఒంటబట్టలేదు. కానీ మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కనుక నేనే వెళ్ళాను.

ఆ గ్యాలరీలో ఆట చూడటమంటే కసరత్తే. మనవాడు బ్యాటుతో రాగానే బూరలు మొదలవుతాయి. ఒక గుంపు లేస్తే పక్క గుంపు కూర్చుంటుంది, మరుక్షణం వీళ్ళు కూర్చుంటే వాళ్ళు లేస్తారు. పాట ఆగేదాకా అంతే. కదలకుండా కూర్చున్న వాళ్ళని “కూర్చోడానికైతే ఇంట్లో కుర్చీ లేదా?” అని ఇక్కడే గద్దించేవారట అత్తగారు.

మొదటి ఆటగాడికి ఆవిడ అందరితోపాటే లేచి కూర్చున్నారు. రెండోవాడికి ముందు సీటు పట్టుకుని లేచేసరికి చుట్టూ అందరూ కూర్చున్నారు. మూడోవాడికి లేవలేదు.

వెనక వరసలో ఉన్న ఒకాయన ముందుకు వంగాడు. “పెద్దమ్మగారూ, మీరు కూర్చోండి. మీ వంతు కూడా మేమే లేస్తాంలెండి.”

మర్యాదగానే అన్నాడు. నారింజపండు ఒలిచి సగం చేతిలో పెట్టాడు కూడా. అత్తగారు తల వంచి దండం పెట్టారు గానీ, ఆ తొనలు చాలాసేపు అలా పట్టుకునే ఉన్నారు.

ఆట సగం దాటాక, కొత్తగా చేరిన కుర్రాడు కొట్టాడు. ఆ చప్పుడుకే ఆవిడ ముఖం వెలిగిపోయింది. గ్యాలరీ మొత్తం ఒక్కసారిగా లేచింది. మా ముందు ఎర్ర చొక్కాల వీపులు తప్ప ఏమీ లేవు.

“ఎటు పోయింది? చిజురూ, ఎటు?” నా చెయ్యి గిల్లేస్తున్నారు.

“అటు, అత్తయ్యా.”

“అటంటే ఎటే? కుడికా, ఎడమకా? ఎంత ఎత్తున?”

“చాలా ఎత్తున.”

“నిన్ను తీసుకురావడం నా బుద్ధి తక్కువ!” అంటూ వీపుల మధ్య సందు వెతుక్కున్నారు. అప్పటికే బంతి ఎక్కడో జనంలో పడిపోయింది.

మామూలుగా అయితే తిరుగు ట్రామ్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కూడా ఆటంతా మళ్ళీ ఆడి చూపిస్తారు. ఆ రోజు కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చున్నారు. నొప్పిగా ఉందా అని అడిగాను.

“నొప్పి ఎప్పుడూ ఉండేదే. ఆ కుర్రాడి దెబ్బ విన్నావా? అలాంటి చప్పుడు విని ఎన్నాళ్ళైందో. మనవాళ్ళు అక్టోబరు చివర్లో ఫైనల్ దాకా ఆడతారు, చూడు.”

ఇంకా నవంబరు మాటమీదే ఉన్నారనుకున్నాను.

ఆ సాయంత్రం అందరం భోజనానికి కూర్చున్నాం. మా ఆయన వాదనకి సిద్ధంగానే ఉన్నాడు.

“అమ్మా, ఆసుపత్రికి రేపు జవాబు చెప్పాలి.”

“వద్దు నాన్నా,” అంది హొనోకా. “గెలిచొచ్చారు. నాన్నమ్మ ఇవాళ ఎవరి మాటా వినదు.”

అత్తగారు ఆయిస్టర్ల అన్నం గిన్నె కింద పెట్టారు. గొంతు పెంచలేదు.

“ఏప్రిల్ అని చెప్పెయ్. ఆ టికెట్లకి హొనోకా, చిజురు వెళ్తారు. నాకు పక్కన రేడియో పెట్టండి చాలు.”

హొనోకా నెమ్మదిగా అడిగింది. “మరి ఈ ఏడు మనదే అన్నావుగా, నాన్నమ్మా?”

“అందుకే ఏప్రిల్,” అన్నారు అత్తగారు. “అక్టోబరుకి నేను లేచి నిలబడొద్దూ?”